కణాదుడి పరమాణువు, డాల్టన్ పరమాణువు ఒకటేనా?

క్లుప్తంగా: దర్శనాలు చెప్పే పరమాణువు ఒక వాదనకు ముగింపు. విభజన ఎక్కడో ఒకచోట ఆగకపోతే ప్రపంచాన్ని వివరించలేమన్న ఆలోచన నుంచి అది వచ్చింది. భౌతికశాస్త్రపు పరమాణువు కొలతల నుంచి వచ్చింది. దాన్ని పగలగొట్టవచ్చు, పగలగొట్టారు కూడా. ఇవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు కాబట్టి ఒకటి రెండోదాన్ని రుజువు చేయదు, కొట్టివేయదు. అయితే స్పర్శ, పరిమాణం, ఒకేలా ఉన్న రెండింటిని వేరు చేయడం వంటి పాత చిక్కులు కొన్ని ఇప్పటి భౌతికశాస్త్రంలోకి వేరే రూపంలో వచ్చాయి. అసలు పోలిక చూడవలసింది అక్కడే.

పరమాణువును మొదట కనుక్కొన్నది ఎవరన్న వాదన తరచూ వినిపిస్తుంది. వైశేషిక దర్శనానికి ఆద్యుడైన కణాదుడని ఒక పక్షం, గ్రీకు తాత్వికుడు డెమోక్రిటస్ అని ఇంకో పక్షం, అవన్నీ ఊహలే, ఆంగ్ల రసాయనశాస్త్రజ్ఞుడు డాల్టన్‌తోనే అసలు కథ మొదలైందని మూడో పక్షం. పాఠ్యపుస్తకాలు కూడా డెమోక్రిటస్, డాల్టన్, థామ్సన్, రూథర్‌ఫర్డ్, బోర్ అని ఒకే వరుసలో పేర్చి చూపుతుంటాయి. ఆ వరుస చూస్తే రెండున్నర వేల ఏళ్లుగా అందరూ ఒకే వస్తువు కోసం వెతికారనీ, పోనుపోను అది స్పష్టంగా కనబడిందనీ అనిపిస్తుంది. జరిగింది అది కాదు. ఎవరు ఏ ప్రశ్న వేసుకున్నారో విడివిడిగా చూస్తే తప్ప ఈ గందరగోళం తీరదు.

## మార్పు అనే చిక్కు

క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దంలో పార్మెనిడిస్ అనే గ్రీకు తాత్వికుడు గట్టి అభ్యంతరం ఒకటి లేవనెత్తాడు. ఉన్నది ఉంది, లేనిది లేదు. ఏదైనా కొత్తగా పుట్టిందంటే లేనిదాని నుంచి వచ్చిందనాలి, లేనిదాని నుంచి ఏదీ రాదు. నశించిందంటే ఉన్నది లేకుండా పోయిందనాలి, అదీ కుదరదు. కాబట్టి పుట్టుక, నాశనం, చలనం అన్నీ భ్రమే అన్నాడు. కళ్లెదుట మార్పు జరుగుతూనే ఉంది, తర్కమేమో అది అసాధ్యమంటోంది. ఆ తరువాతి గ్రీకు ఆలోచనాపరులందరూ ఈ ముడి విప్పక తప్పలేదు.

లూసిప్పస్, డెమోక్రిటస్ దాన్ని విప్పిన తీరే గ్రీకు పరమాణువాదం. పార్మెనిడిస్ చెప్పిన లక్షణాలన్నీ వాళ్లు ఒప్పుకున్నారు. నిజంగా ఉన్నది పుట్టదు, చావదు, మారదు, దాని లోపల ఖాళీ ఉండదు. కాకపోతే అలాంటిది ఒక్కటే కాదు, లెక్కలేనన్ని ఉన్నాయన్నారు. అవి కదలడానికి చోటుగా శూన్యాన్ని కూడా ఒప్పుకున్నారు. అప్పుడు పుట్టుక అంటే అవి కూడటం, నాశనం అంటే విడిపోవడం. ఏదీ లేనిదాని నుంచి రాలేదు, ఏదీ లేకుండా పోలేదు. పార్మెనిడిస్ తర్కం చెడలేదు, కళ్లకు కనిపించే మార్పూ నిలిచింది. చాలా తెలివైన పరిష్కారం ఇది.

ఈ పరమాణువులకు రంగు లేదు, రుచి లేదు, వేడి లేదు. ఆకారం, అమరిక, నిలిచిన తీరు, ఈ మూడింటిలోనే తేడాలు. తీపి, చేదు, రంగు అన్నవి మన వ్యవహారంలో ఉన్నవి మాత్రమేననీ, నిజంగా ఉన్నవి పరమాణువులూ శూన్యమేననీ డెమోక్రిటస్ చెప్పాడు. అవే అక్షరాలతో విషాద నాటకమూ రాయవచ్చు, హాస్య నాటకమూ రాయవచ్చని అరిస్టాటిల్ ఈ వాదాన్ని వివరిస్తూ అన్నాడు. అరిస్టాటిల్ మాత్రం ఈ వాదాన్ని ఒప్పుకోలేదు. శూన్యం అసాధ్యమన్నది అతని పట్టు. పైగా పరమాణువులు పక్కపక్కన చేరడమే కలయిక అయితే అది నిజమైన కలయిక కాదు, చూపు చాలక కలిసినట్టు కనబడటమేనని అతని ఆక్షేపణ. చాలా పదును గల ప్రశ్న అది. రెండు వాయువులు కలిసి వాటిలో దేనికీ లేని గుణాలున్న నీరు ఎలా అవుతుందన్నదానికి డెమోక్రిటస్ వాదంలో సరైన జవాబు లేదు.

ఇక్కడ గమనించవలసింది, ఈ మొత్తం వాదనలో కొలత అన్నది ఎక్కడా రాలేదు. పరమాణువు ఎంత బరువు, ఎంత పొడుగు అన్న ప్రశ్నలకు దీనిలో చోటు లేదు. ఎందుకంటే ఆ పరమాణువు చేయవలసిన పని వేరు. మార్పును తర్కవిరుద్ధం కాకుండా నిలబెట్టడమే దాని పని.

## మేరువూ ఆవగింజా

వైశేషిక దర్శనం పరమాణువు దగ్గరికి వేరే దారిన వచ్చింది. కణాదుడి పేరుతో ఉన్న వైశేషిక సూత్రాలు, ప్రశస్తపాదుడి పదార్థధర్మసంగ్రహం, ఆ తరువాతి న్యాయవైశేషిక గ్రంథాలు ఈ వాదాన్ని శతాబ్దాల పాటు సానబెట్టాయి. తర్కశాస్త్రంలో అడుగుపెట్టేవారు మొదట చదివే తర్కసంగ్రహం కూడా పృథివిని రెండుగా విభజిస్తుంది: నిత్యమైనది పరమాణురూపం, అనిత్యమైనది కార్యరూపం.

వారి అనుమానం, అంటే తెలిసినదాన్ని బట్టి తెలియనిదాన్ని రాబట్టే తర్కం, ఇలా నడుస్తుంది. కిటికీ సందులోంచి పడే ఎండలో తేలే ధూళి త్రసరేణువు. అది కంటికి కనబడుతుంది కాబట్టి, కుండలాగే, దానికి అవయవాలు, అంటే భాగాలు, ఉండాలి. ఆ అవయవాలు కూడా కంటికి కనిపించేంత పెద్దదాన్ని పుట్టిస్తున్నాయి కాబట్టి, కుండ పెంకుల్లాగే, వాటికీ అవయవాలుండాలి. అక్కడ ఆగాలి. ఆగకపోతే అనవస్థ, అంటే అంతులేని వరుస. అంతేకాదు, విభజనకు అంతం లేకపోతే మేరు పర్వతానికీ ఆవగింజకూ అవయవాలు అనంతమే అవుతాయి, అప్పుడు రెండూ ఒకే పరిమాణంలో ఉండవలసివస్తుంది. అలా లేవు కాబట్టి విభజనకు అంతం ఉంది. ఆ అంతమే పరమాణువు. రెండు పరమాణువులు ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు త్ర్యణుకం. ఆ త్ర్యణుకమే కంటికి కనిపించే త్రసరేణువు.

మేరువు, ఆవగింజల వాదన ఇప్పటి గణితం ముందు నిలవదు. సెంటీమీటరు గీతలో ఎన్ని బిందువులున్నాయో కిలోమీటరు గీతలోనూ అన్నే ఉన్నాయని పంతొమ్మిదో శతాబ్దిలో కాంటర్ చూపించాడు. భాగాల సంఖ్య వేరు, పొడవు వేరు. అయినా ఆ వాదనను చిన్నచూపు చూడనక్కరలేదు. భాగాల సంఖ్యకూ పరిమాణానికీ సంబంధమేమిటన్న ప్రశ్నను అది సూటిగా పట్టుకుంది. అనంతాన్ని లెక్కపెట్టే పద్ధతులు వచ్చేదాకా దానికి తృప్తికరమైన ప్రత్యుత్తరం ఇవ్వడం తేలిక కాదు.

వైశేషికుల పరమాణువులు గ్రీకు పరమాణువుల వంటివి కావు. పృథివి, జలం, తేజస్సు, వాయువు అని నాలుగు రకాలు. గంధం, రసం, రూపం, స్పర్శ వంటి గుణాలు వాటిలోనే ఉంటాయి. ఆకాశం ఒక్కటే, విభువు (అంతటా వ్యాపించినది), దానికి పరమాణువులు లేవు. ప్రళయంలో వస్తువులన్నీ విడిపోయినా పరమాణువులు నశించవు. సృష్టి మొదట్లో వాటికి మళ్లీ చలనం రావడానికి జీవుల అదృష్టం, అంటే కర్మఫలం, కారణమవుతుంది. జైనుల పరమాణువులు ఇంకో తీరు. అన్నీ ఒకే జాతివి, స్నిగ్ధత్వం (జిడ్డుదనం), రూక్షత్వం (గరుకుదనం) అనే గుణాల తరతమాలను బట్టి ఒకదానితో ఒకటి బంధం ఏర్పరచుకుంటాయి. బౌద్ధుల్లో పరమాణువును ఒప్పుకున్నవారు దాన్ని క్షణికమన్నారు. కాబట్టి ‘భారతీయ పరమాణువాదం’ అని ఏకవచనంలో మాట్లాడటమే సరికాదు.

ఇక కనుక్కొన్నది ఎవరన్న వాదన. త్రసరేణువులో ఉన్నవి ఆరు పరమాణువులు. భౌతికశాస్త్రపు లెక్క ఏమంటుందో చూద్దాం. ఎండలో మెరిసే రేణువు ఒక్కో వైపు పది మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఇసుక పలుకు అనుకుందాం. ఇసుక సాంద్రత ఘనమీటరుకు సుమారు 2,650 కిలోలు. ఆ లెక్కన ఆ పలుకులో సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు కలిపి దాదాపు 80 లక్షల కోట్లు ఉంటాయి. ఆరు ఎక్కడ, ఈ సంఖ్య ఎక్కడ! కానీ దీన్ని వైశేషికుల లెక్క తప్పిందనడానికి వాడటం కూడా అన్యాయమే. ఆరు అన్నది వారికి కొలిచి తేల్చిన సంఖ్య కాదు, అనుమానంలో ఎన్ని మెట్లు అవసరమో అన్ని వేసి ఆపిన ఫలితం. ఆ రెండు సంఖ్యలు ఒకే వస్తువుకు సంబంధించినవి కావన్నదే దీన్నుంచి తేలే విషయం.

## కుండ ఎక్కడ ఎరుపెక్కింది?

వైశేషికులకూ, న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులకూ మధ్య సాగిన ఒక చర్చ ఈ తేడాను బాగా పట్టి ఇస్తుంది. పచ్చికుండను ఆవంలో పెడితే నల్లమట్టి ఎర్రబడుతుంది. ఆ ఎరుపు ఎక్కడ పుట్టింది?

వైశేషికులది పీలుపాకవాదం. కుండ మొత్తంగా ఉన్నంతసేపు అగ్ని లోపలి పరమాణువులను చేరలేదు. కాబట్టి వేడి తగలగానే కుండ పరమాణువులుగా విడిపోతుంది. విడి పరమాణువుల్లో నలుపు పోయి ఎరుపు వస్తుంది. అవి తిరిగి ద్వ్యణుకాలై, త్ర్యణుకాలై, మళ్లీ కుండ అవుతాయి. ఇదంతా అతివేగంగా జరుగుతుంది గనుక మనకు తెలియదు. నైయాయికులది పిఠరపాకవాదం. అదే కుండ అని గుర్తుపడుతున్నాం కదా అంటారు వారు. నడిమధ్య కుండ విడిపోతే దాని మీద పేర్చినవి పడిపోవాలి కదా, అవి పడటం లేదు. కుండకు సూక్ష్మరంధ్రాలున్నాయి, అగ్ని వాటిలోంచి పోతుంది. కుండ కుండగానే ఉండి రంగు మారుతుంది.

భౌతికశాస్త్రం ఈ ప్రశ్నకు ఇచ్చే జవాబు రెండు పక్షాలకూ ఉమ్మడిగా ఉన్న ఒక నమ్మకాన్నే తీసేస్తుంది. మట్టిలోని ఇనుము సంయోగ పదార్థాలు ఆవం వేడిలో ఆక్సిజన్‌తో కలిసి ఎర్రని ఐరన్ ఆక్సైడుగా మారతాయి. కానీ ఒంటరి ఇనుము పరమాణువు ఎర్రగా ఉండదు, ఆక్సిజన్ పరమాణువూ ఎర్రగా ఉండదు. రెండూ ఒక క్రమంలో పేరుకున్నప్పుడు వాటి ఎలక్ట్రాన్లు పీల్చుకోగల శక్తులు మారతాయి. నీలం, ఆకుపచ్చ కాంతిని ఎక్కువగా పీల్చుకుని ఎరుపును వదిలేస్తాయి. రంగు పరమాణువు గుణం కాదు, అమరిక గుణం. ఈ ఒక్క విషయంలో డెమోక్రిటస్ ఊహ వైశేషికుల ఊహకంటే దగ్గరగా ఉంది. ఉండాలన్న నియమమేమీ లేదు, అలా జరిగింది. నునుపైన గుండ్రటి పరమాణువులు తీపినీ, కొక్కేల వంటివి చేదునూ ఇస్తాయన్న గ్రీకు వివరణలు ఆ దరిదాపుల్లో కూడా లేవు.

## ఆరు దిక్కుల ప్రశ్న

భారతీయ దర్శనాల్లో పరమాణువాదానికి తగిలిన పెద్ద దెబ్బ బౌద్ధ తాత్వికుడు వసుబంధుడి విజ్ఞప్తిమాత్రతావాదం (బయటి వస్తువులు లేవు, జ్ఞానమే ఉందనే వాదం) నుంచి వచ్చింది. వింశతిక అనే గ్రంథంలో అతను వేసిన ప్రశ్న చాలా సరళం. ఒక పరమాణువు చుట్టూ ఆరు దిక్కులా ఆరు పరమాణువులు ఒకేసారి వచ్చి చేరాయనుకోండి. తూర్పున తాకిన భాగం, పడమర తాకిన భాగం వేరువేరైతే ఆ పరమాణువుకు ఆరు భాగాలున్నట్టు లెక్క, అది నిరవయవం కాదు. అన్నీ ఒకే చోట తాకితే అవన్నీ ఒకదానిలో ఒకటి ఇమిడిపోయినట్టే, ఎన్ని చేరినా ముద్ద పరిమాణం ఒక్క పరమాణువుకు మించదు. అప్పుడు పర్వతం ఎలా ఏర్పడింది?

బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయంలో శంకరుడు కూడా ఈ దారినే పట్టాడు. అవయవాలు లేని రెండింటికి సంయోగం ఎలా కుదురుతుంది? పూర్తిగా కలిస్తే పరిమాణం పెరగదు, కొంత మేరకు కలిస్తే అవయవాలున్నట్టే. పైగా సృష్టి మొదట్లో తొలి కదలిక ఎవరిచ్చారు? అదృష్టం అచేతనం, అది దేన్నీ కదపలేదు.

వైశేషికులకు ఈ చిక్కు తెలియక కాదు. పరమాణు పరిమాణం నుంచి పెద్ద పరిమాణం పుట్టదని వారే ఒప్పుకున్నారు. ఏ పరిమాణమైనా తన జాతిదాన్నే మరింతగా పుట్టిస్తుంది కాబట్టి సూక్ష్మం నుంచి మరింత సూక్ష్మమే రావాలి. అందుకని త్ర్యణుకపు మహత్త్వానికి (పెద్ద పరిమాణానికి) కారణం దాని అవయవాల పరిమాణం కాదు, వాటి సంఖ్య అన్నారు. విచిత్రంగా కనిపించినా చాలా నిజాయితీ గల అడుగు అది. చిన్నవాటిని పక్కపక్కన పేరిస్తే పెద్దది వస్తుందన్న చిత్రం నిరవయవమైనవాటి దగ్గర పనిచేయదని గుర్తించి, కారణాన్ని వేరే చోట వెతికారు.

## త్రాసు నుంచి వచ్చిన పరమాణువు

డాల్టన్ వేసుకున్నది వీటిలో ఏ ప్రశ్నా కాదు. వాయువులు ఎలా కలుస్తాయి, సంయోగ పదార్థాల్లో బరువుల నిష్పత్తులు ఎందుకు అలా ఉంటాయన్నవి అతని ప్రశ్నలు. మూడు గ్రాముల కార్బన్ నాలుగు గ్రాముల ఆక్సిజన్‌తో కలిస్తే ఒక వాయువు, ఎనిమిది గ్రాములతో కలిస్తే మరో వాయువు వస్తుంది. ఐదున్నరతోనో ఆరూ ముప్పాతికతోనో కలిసి మూడో వాయువు ఏర్పడదు. నాలుగుకు రెట్టింపు ఎనిమిది. ఇటువంటి చిన్న పూర్ణసంఖ్యల నిష్పత్తులు మళ్లీ మళ్లీ ఎదురవుతుంటే, ప్రతి మూలకమూ ఒక నిర్దిష్టమైన బరువు గల కణాలతో ఏర్పడిందనీ, అవి ఒకటికి ఒకటి, ఒకటికి రెండు చొప్పున కలుస్తాయనీ అనుకోవడం సహజం. 1808లో వెలువడిన గ్రంథంలో డాల్టన్ దీన్ని వివరంగా ప్రతిపాదించాడు.

గ్రీకు ఆలోచనకూ డాల్టన్‌కూ సంబంధమే లేదనడం కూడా తప్పు. పదిహేడో శతాబ్దిలో గసెండి ఎపిక్యూరస్ పరమాణువాదాన్ని మళ్లీ ముందుకు తెచ్చాడు, బాయిల్ దాన్ని రసాయన ప్రయోగాలకు ముడిపెట్టాడు, న్యూటన్ గట్టి, చొరరాని కణాల గురించి రాశాడు. డాల్టన్ న్యూటన్‌ను చదివినవాడు. వైశేషికం నుంచి డాల్టన్ దాకా ఇటువంటి దారి కనబడదు. అయితే దారి ఉన్నంత మాత్రాన పాత వాదం రుజువైందని కాదు. డాల్టన్ పరమాణువుకు కొత్తగా వచ్చింది బరువు. బరువు వచ్చాక అది తప్పని తేలే అవకాశమూ వచ్చింది. నిజంగానే తప్పులు తేలాయి. నీటిలో ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ అనుకున్నాడు డాల్టన్. వాయువుల ఘనపరిమాణాలను బట్టి అవొగాడ్రో 1811లో దానికి సవరణ చూపించాడు. 1860లో కార్ల్స్‌రూహెలో జరిగిన రసాయనశాస్త్రజ్ఞుల సమావేశంలో కానిజారో గట్టిగా వాదించేదాకా ఆ మాట చాలామందికి ఎక్కలేదు. ఒక మూలకపు పరమాణువులన్నిటి బరువూ ఒకటేనన్న నియమం ఐసోటోపులతో (ఒకే మూలకానికి చెందిన, బరువులో తేడా గల పరమాణువులతో) చెదిరిపోయింది. డెమోక్రిటస్ వాదాన్ని ఇలా దిద్దే వీలే లేదు, దాన్ని దిద్దగల సంఖ్య అందులో ఏదీ లేదు కనుక.

పంతొమ్మిదో శతాబ్ది చివరిదాకా మాఖ్, ఓస్ట్‌వాల్డ్ వంటి శాస్త్రజ్ఞులు పరమాణువు లెక్కలకు పనికొచ్చే ఊహ మాత్రమేనన్నారు. ఆ సందేహాన్ని తీర్చిన ప్రయోగాల్లో ముఖ్యమైనవి ఫ్రాన్స్‌లో జ్యాఁ పెరాఁ చేసినవి. ద్రవంలో తేలే సూక్ష్మరేణువుల ఎడతెగని అల్లాట 1827లో బ్రౌన్ గమనించినప్పటి నుంచీ తెలిసిందే. కంటికి కనిపించని అణువులు అన్ని వైపుల నుంచీ తాకడం వల్ల ఆ అల్లాట ఎంత ఉండాలో 1905లో ఐన్‌స్టైన్ లెక్క కట్టాడు. పెరాఁ ఒక చెట్టు బంక నుంచి మైక్రాను కంటే చిన్నవైన, దాదాపు ఒకే పరిమాణం గల రేణువులు తయారుచేసి, నీటిలో వదిలి, సూక్ష్మదర్శినితో ఒక్కో ఎత్తులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాడు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడినట్టే ఆ రేణువులూ పలచబడ్డాయి. గాలి సాంద్రత సగమవడానికి ఐదారు కిలోమీటర్లు ఎక్కాలి, ఆ రేణువుల సంఖ్య సగమవడానికి కొన్ని పదుల మైక్రాన్లు చాలు. రేణువు బరువు తెలుసు. ఆ రెండు ఎత్తుల నిష్పత్తి నుంచి గాలి అణువు బరువు వచ్చేస్తుంది. అక్కడి నుంచి అవొగాడ్రో సంఖ్య, అంటే దాదాపు ఒక గ్రాము హైడ్రోజన్‌లో ఉండే పరమాణువుల సంఖ్య, వస్తుంది. వేర్వేరు దారుల్లో, ఒకదానితో ఒకటి సంబంధం లేని దృగ్విషయాల నుంచి లెక్క కట్టినా అదే సంఖ్యకు దగ్గరగా రావడం చూశాక ఓస్ట్‌వాల్డ్ కూడా పరమాణువును అంగీకరించాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పరమాణువు పగలడం మొదలైంది. 1897లో థామ్సన్ ఎలక్ట్రాన్‌ను గుర్తించాడు, 1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకాన్ని ప్రతిపాదించాడు, 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుక్కొన్నాడు, 1964లో ప్రోటాన్, న్యూట్రాన్ వంటివి క్వార్కులనే కణాలతో ఏర్పడ్డాయన్న ప్రతిపాదన వచ్చింది.

## విడదీయరానిది అంటే ఎంత వేడికి?

పరమాణువు పగిలింది కాబట్టి పరమాణువాదం ఓడిపోయిందని కొందరంటారు. పగిలినదాన్ని ఇక పరమాణువు అనకూడదని మరికొందరంటారు. అసలు సంగతి శక్తుల లెక్కలో ఉంది.

గది ఉష్ణోగ్రతలో ఒక అణువుకు ఉండే ఉష్ణచలన శక్తి ఎలక్ట్రాన్ వోల్టులో (ఒక వోల్టు దాటిన ఎలక్ట్రాన్ పొందే శక్తిలో) నలభయ్యో వంతు స్థాయిలో ఉంటుంది. వెయ్యి డిగ్రీల ఆవంలో అది సుమారు పదో వంతు. రసాయన బంధాలు తెగడానికి కావలసింది కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులు. హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి 13.6. కేంద్రకంలోంచి ఒక ప్రోటాన్‌నో న్యూట్రాన్‌నో లాగడానికి సగటున 80 లక్షలు. అంటే రసాయన చర్యలు జరిగే చోట కేంద్రకాన్ని కదిపే శక్తి దరిదాపుల్లో లేదు. అందుకే ఏ ఆవంలో కాల్చినా, ఏ ఆమ్లంలో ముంచినా ఇనుము ఇనుముగానే ఉంటుంది. డాల్టన్ చూసిన అవిభాజ్యత భ్రమ కాదు, ఆ పరిస్థితుల్లో పూర్తిగా నిజం.

దీని వెనక ఇంకా లోతైన కారణం ఉంది. క్వాంటం సిద్ధాంతం ప్రకారం హైడ్రోజన్ పరమాణువు కనిష్ఠ స్థాయి నుంచి పై స్థాయికి ఎక్కాలంటే 10.2 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. అంతకు తక్కువ శక్తితో తగిలితే లోపల ఏ కొంచెమూ కదలదు. సగం మెట్టు, పావు మెట్టు లేవు. కాబట్టి మెల్లగా తాకేవాటికి అది లోపల ఏ నిర్మాణమూ లేనట్టే ప్రవర్తిస్తుంది. నిర్మాణం ఉండి కూడా అది బయటపడకపోవడమన్నది దర్శనకారులెవరూ ఊహించని మూడో అవకాశం. వారికి వస్తువు సావయవమో నిరవయవమో ఏదో ఒకటే. భౌతికశాస్త్రంలో ఎంత శక్తితో అడుగుతున్నామన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

## పాత ప్రశ్నలు ఇప్పుడెక్కడున్నాయి

వసుబంధుడి ఆరు దిక్కుల ప్రశ్ననే మళ్లీ తీసుకుందాం. ఎలక్ట్రాన్‌కు 10⁻¹⁸ మీటర్ల స్థాయి దాకా వెతికినా పరిమాణంగానీ అవయవాలుగానీ కనబడలేదు. ప్రోటాన్ వ్యాసార్థం హైడ్రోజన్ పరమాణువు వ్యాసార్థంలో దాదాపు 60,000వ వంతు. మరి ఈ రెండూ చేరి అంత పెద్ద పరమాణువు ఎలా అయింది? పక్కపక్కన పేరిస్తే రాలేదు. విద్యుదాకర్షణ ఎలక్ట్రాన్‌ను లోపలికి లాగుతుంది. చిన్న చోట ఇరికించేకొద్దీ, అనిశ్చితి నియమం (స్థానం ఎంత కచ్చితమైతే ద్రవ్యవేగం అంత అనిశ్చితం) వల్ల, దాని చలనశక్తి పెరిగి బయటికి తోస్తుంది. రెండూ సరితూగే చోట పరమాణువు పరిమాణం నిర్ణయమవుతుంది. నిరవయవమైనవి తాకితే ఏమవుతుందన్న ఉభయతోపాశం (రెండు వైపులా చిక్కు) ఇక్కడ పట్టదు, ఎందుకంటే వాటి మధ్య తాకడమే లేదు. క్షేత్రాల (చోటంతా పరచుకున్న విద్యుత్ ప్రభావాల వంటివాటి) ద్వారా ప్రభావం చూపడమే ఉంది. వసుబంధుడి వాదన తప్పు కాలేదు. స్పర్శ వల్లే సంయోగమన్న దాని ఆధారవాక్యాన్ని ప్రకృతి పాటించడం లేదంతే. వస్తువులు ఒకదానిలోంచి ఒకటి దూరిపోకపోవడానికి కారణం కూడా కణాల గట్టిదనం కాదు. ఒకే క్వాంటం స్థితిలో రెండు ఎలక్ట్రాన్లు ఉండరాదన్న పౌలీ నియమం వల్లే పదార్థం కుప్పకూలకుండా నిలుస్తోందని 1967లో డైసన్, లెనార్డ్ గణితపరంగా నిరూపించారు.

రెండో చిక్కు విశేషం. ఒకే జాతి పరమాణువులకు గుణాలన్నీ ఒకటే అయితే ఇది వేరు, అది వేరు అని దేన్ని బట్టి చెప్పాలి? ప్రతి నిత్యద్రవ్యంలోనూ దానికే చెందిన ‘విశేషం’ అనే పదార్థం ఉంటుందని వైశేషికుల జవాబు. సరిగ్గా ఇక్కడ భౌతికశాస్త్రం వ్యతిరేక దిశలో పోయింది, అదీ ప్రయోగంతో తేల్చి. రెండు స్థితులు, రెండు కణాలు ఉన్నాయనుకుందాం. కణాలకు వేరువేరు గుర్తింపు ఉంటే వాటిని నాలుగు రకాలుగా అమర్చవచ్చు. ఫోటాన్లయితే, అంటే కాంతి కణాలైతే, మూడే రకాలు, ఎలక్ట్రాన్లయితే ఒక్కటే. 1924లో సత్యేంద్రనాథ్ బోస్ ఫోటాన్లను ఈ కొత్త పద్ధతిలో లెక్కపెట్టి వేడెక్కిన వస్తువుల కాంతిని వివరించే ప్లాంక్ వికిరణ సూత్రాన్ని రాబట్టాడు. ప్రతి ఫోటాన్‌కూ సొంత విశేషం ఉండి ఉంటే వేడెక్కిన వస్తువు వెలువరించే కాంతి వేరుగా ఉండేది. తత్త్వశాస్త్రంలో ఎప్పటికీ తేలదనిపించే ఒక ప్రశ్న మీద ఉష్ణమాపకం, వర్ణపటమాపకం ఇంత గట్టిగా తీర్పు చెప్పిన సందర్భాలు అరుదు. ఈ విషయానికి రావలసినంత ప్రచారం రాలేదు.

మూడోది అవయవి, అంటే భాగాలతో ఏర్పడిన మొత్తం వస్తువు. డెమోక్రిటస్‌కు వస్తువంటే పరమాణువుల అమరికే, అంతకుమించి ఏమీ లేదు. వైశేషికులకు కుండ పరమాణువులకన్నా వేరైన కొత్త ద్రవ్యం. ఈ తగవులో భౌతికశాస్త్రం ఎటువైపన్నది తేలిగ్గా చెప్పలేం. ప్రోటాన్ ద్రవ్యరాశి 938 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. దానిలోని మూడు క్వార్కుల ద్రవ్యరాశి కలిపితే సుమారు 9. మిగతా దాదాపు 99 శాతం వాటిని బంధించే గ్లూయాన్ క్షేత్రాల శక్తి, క్వార్కుల చలనశక్తి. భాగాలను తూచి కూడితే మొత్తం రాదు. ‘అంతా పరమాణువులే, ఇంకేమీ లేదు’ అనే మాట చాలా శాస్త్రీయంగా వినిపిస్తుంది గానీ, పరమాణువు లోపలికి వెళితే ఆ కూడిక లెక్క నిలవదు. అలాగని కుండ కొత్త ద్రవ్యమని కూడా దీనివల్ల రుజువు కాదు.

శూన్యం సంగతి రెండు మాటల్లో చెప్పవచ్చు. డెమోక్రిటస్ శూన్యంలో ఏమీ లేదు, ఇప్పటి శూన్యంలో క్షేత్రాలున్నాయి. నిత్యత్వం కూడా పోయింది. ఎలక్ట్రాన్, దాని ప్రతికణమైన పాజిట్రాన్ కలిస్తే రెండూ మాయమై ఫోటాన్లు మిగులుతాయి. తగినంత శక్తి ఉంటే ఫోటాన్ల నుంచి అవి పుడతాయి. పార్మెనిడిస్‌కు భయపడి పరమాణువుకు కట్టబెట్టిన అమరత్వం ఇప్పుడు కణాలకు లేదు. మొత్తం శక్తి, మొత్తం విద్యుదావేశం వంటి రాశులకు మాత్రం మిగిలింది.

## విభజనకు అంతం ఉందా?

వైశేషికులు ఉందన్నారు, అరిస్టాటిల్ లేదన్నాడు. రెండు వైపులా సమానమైన బలంతో వాదించవచ్చని 1781లో జర్మన్ తాత్వికుడు కాంట్ చూపించాడు. ముగ్గురికీ ఉమ్మడిగా ఉన్న ఊహ ఒకటుంది. విభజిస్తే వచ్చేది చిన్న ముక్క అని. క్వార్కుల దగ్గర అది పనిచేయడం లేదు. రెండు క్వార్కులను దూరంగా లాగేకొద్దీ వాటి మధ్య క్షేత్రంలో శక్తి పెరుగుతుంది. ఒక హద్దు దాటాక ఆ శక్తి కొత్త క్వార్క్, ప్రతిక్వార్క్ జంటగా మారుతుంది. ఒంటరి క్వార్క్ చేతికి రాదు, ఇంకో కణం పుడుతుంది. 2012లో యూరప్‌లోని కణభౌతిక పరిశోధనా కేంద్రం సెర్న్ ప్రకటించిన హిగ్స్ కణం ప్రోటాన్లను ఢీకొట్టించగా కనిపించింది. దాని ద్రవ్యరాశి ప్రోటాన్ ద్రవ్యరాశికి దాదాపు 133 రెట్లు. ఢీకొన్న రెండు ప్రోటాన్ల కంటే వాటి తాకిడిలో పుట్టిన ఆ కణమే బరువు. అది ప్రోటాన్ లోపల ముందే దాక్కున్న ముక్క కాదు, తాకిడి శక్తి నుంచి అప్పుడే పుట్టినది. ఎలక్ట్రాన్‌కు అవయవాలున్నాయా అన్నది ఇప్పటికీ తెరిచి ఉన్న ప్రశ్నే. అయితే దాని లోపల ఇంకేదైనా ఉందని రేపు తేలినా, ఆ ‘లోపల’ అన్న మాటకు కుండలో పెంకులున్న అర్థమే ఉండాలన్న నియమం లేదు.